గోదారికి వదిలిన వార్డు

తాబేటిలంకకి ఆరు వార్డులు. పొద్దున చద్దన్నం తిని బయలుదేరితే ఎండ ముదరకముందే చుట్టి రాగలిగే లంకకి ఆరు వార్డులు దేనికని అవతలి గట్టువాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. లంకలో పుట్టినవాడికి వార్డంటే ఇంటిపేరులో సగం. పెళ్ళిలో బంతులు వేసేది వార్డుల వారీగా, అమ్మోరి జాతరలో గరగలెత్తేది వార్డుల వారీగా, ఆఖరికి తన్నుకునేది కూడా వార్డుల వారీగానే.

సత్యవేణి నాలుగో వార్డు మెంబరు. మెట్టింది నాలుగులో గానీ పుట్టింది ఒకటో వార్డులో. అక్కడి మెంబరు ఆమె అన్న నూకరాజు. పంచాయతీ ఆఫీసులో అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకే బల్ల మీద కూచునేవారు. "పుట్టింటికో ఓటు, మెట్టినింటికో ఓటు. ఇంక మాకేం మిగిల్చేరమ్మా?" అని సర్పంచి ముత్యాలరావు ప్రతి మీటింగులోనూ వేళాకోళం ఆడేవాడు. ప్రతిసారీ అదే మాటైనా, ప్రతిసారీ నూకరాజు నవ్వేవాడు.

ఒకటో వార్డు సంగతి కాస్త వేరు. గోదారి లంకని తల దగ్గర కొరుకుతుంది, తోక దగ్గర మేట వేస్తుంది. ఒకటో వార్డు ఒకప్పుడు తల మీద ఉండేది. సత్యవేణి పరికిణీలు కట్టే రోజుల్లో వచ్చిన ఒక వరదకి ఆ ఇళ్ళన్నీ ఏట్లో కలిసిపోయాయి. ఆ జనం తట్టాబుట్టా సర్దుకుని లంక తోక దగ్గరికి, ఆరో వార్డు అవతల కొత్తగా పడిన మేట మీదికి వచ్చి పాకలు వేసుకున్నారు. వాళ్ళతోపాటు వార్డూ వచ్చేసింది. మెంబరు వాళ్ళవాడే, ఓట్లు వాళ్ళవే, రేషను కార్డుల మీద అంకె అదే. కాబట్టి ఆరు తర్వాత ఒకటి వస్తుంది తాబేటిలంకలో. కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ ఒకడు అంకెల వరస నమ్ముకుని పైకి నడిచి, రెల్లుగడ్డిలో నిలబడి పేర్లు పెట్టి కేకలేశాడట. పాత తల మీద ఇప్పుడు ఆ రెల్లు తప్ప ఇంకేమీ లేదు. ఈ తిరకాసు ఎవరికీ విడమరిచి చెప్పాలని కూడా లంకవాళ్ళకి తోచదు. నీళ్ళు తడిగా ఉంటాయని ఎవరైనా చెబుతారా?

ఒకటి మాత్రం చెప్పుకోవాలి. మిగతా అయిదు వార్డులవాళ్ళూ వాళ్ళని చాటుగా 'కొట్టుకొచ్చినోళ్ళు' అనేవారు. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ మాట చావలేదు. సత్యవేణి అత్తగారు బతికున్నంత కాలం కూరలో ఉప్పెక్కువైనా ఆ మాటే అనేది.

డాక్టర్ మృణాళిని లంకకి వచ్చింది వేసవిలో. తుఫాను షెల్టరు కింది గదిని ప్రయోగశాల చేసుకుంది. ఆమె పెంచేవి కంటికి కనబడని జీవులు. మామూలుగా మట్టిలో ఉండేవే. వాటి స్వభావం మార్చి, ఇసుక రేణువుకీ రేణువుకీ మధ్య సున్నం పేర్చడం నేర్పింది. డ్రమ్ముల్లో తెల్లటి జావలా ఉండే ఆ ద్రవాన్ని గొట్టాల్లోంచి గట్టులోకి వదిలితే కొద్ది రోజులకి ఇసుక రాయవుతుంది, గునపం దిగదు. అవి పని చేస్తున్నంతసేపూ అమ్మోనియా కంపు. కడగని గేదెల సావిడిలా ఉందని ఆడవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేవారు. అయినా డ్రమ్ముల్లోని ఆ జీవులకి మేత వెయ్యడానికి వార్డుకో వారం చొప్పున వంతులు వేసుకున్నారు. గోదారి ఏటేటా ఇంత ముక్క తినేస్తుంటే కంపు ఎవరికి లెక్క?

మృణాళిని మెంబర్లందరినీ పిలిచి ఒక రేకు తొట్టి చూపించింది. తొట్టి నడుమ ఇసుకతో చిన్న లంక, ఒక చివర నీళ్ళు తోసే పంపు. లంక అంచు చుట్టూతా ముందే జావ పోసి బిగించింది. పంపు తిప్పితే నీళ్ళు విసురుగా వచ్చి తగిలాయి. అంచు చెక్కుచెదరలేదు. ముత్యాలరావు మీసం దువ్వుకున్నాడు. కాసేపటికి లంక పొట్ట దగ్గర ఇసుక కుంగింది. నీళ్ళు అడుగునుంచి తొలుచుకొచ్చి, చూస్తుండగానే లంక నడిమికి చీలిపోయింది. దువ్వుతున్న మీసం మీదే ఆగిపోయింది సర్పంచి చెయ్యి.

"చుట్టూ బిగించేస్తే ఏరు ఊరుకోదండీ," అంది మృణాళిని. "తన దారి తను కింద నుంచి చూసుకుంటుంది. అప్పుడు ఎవరి ఇల్లూ మిగలదు. ఇప్పుడిది చూడండి."

రెండో తొట్టిలో అంచు ఒకచోట కట్టకుండా వదిలింది. ఏరు ఆ వదిలిన చోటునే కొరుక్కుంది. మిగతా లంక అలాగే నిలబడింది.

"అయితే ఒక ముక్క దానికి ఇచ్చెయ్యాలంటారా డాట్రమ్మా?" అన్నాడు నూకరాజు.

"ఇచ్చెయ్యాలండీ. ఎక్కడ వదిలితే నష్టం తక్కువో లెక్క వేస్తున్నాను, చెప్తాను. కానీ ఫలానా వార్డు వదులుతున్నామని మీ పంచాయతీ తీర్మానం ఉండాలి. అది లేకుండా పైవాళ్ళు నన్ను గొట్టం కూడా విప్పనివ్వరు."

వెనక్కి వస్తూ అన్నాచెల్లెళ్ళు తోక దాకా కలిసి నడిచారు.

"ఏమే వేణీ, ఆ తొట్టి సూత్తే నీకేటనిపించింది?" అన్నాడు నూకరాజు.

"భయమేసింది అన్నయ్యా."

"నాకు ఆకలేసింది. మీ వదిన మట్టగిడసల పులుసు పెట్టింది. తినేసి ఎల్లు. మీ ఆయన వండుకుంటాడులే ఓ పూట, కరిగిపోడు."

ఆమె తిన్నగా వంటింట్లోకి పోయి కుండలో గ్లాసు ముంచుకుని తాగింది. ఎన్నేళ్ళయినా ఆ ఇంట్లో తాగే నీళ్ళే ఆమెకి దాహం తీర్చేవి. వదిన చిట్టెమ్మ కంచం పెడుతూ, చేప తలకాయ మీ అన్నకి వెయ్యనా నీకు వెయ్యనా అని అడిగింది. పిల్లలప్పుడు ఆ తలకాయ కోసం ఇద్దరూ జుట్లు పట్టుకున్నవాళ్ళే. నూకరాజు పెద్ద త్యాగం చేస్తున్నవాడిలా మొహం పెట్టి తలకాయ చెల్లెలి కంచంలో పడేశాడు.

ఆషాఢం ఎర్రనీళ్ళు మొదలయ్యే ముందు మృణాళిని గొట్టాలు, ఖాళీ డ్రమ్ములు తేవడానికి పట్నం వెళ్ళింది. అక్కడి నుంచే సర్పంచికి ఫోను చేసింది. మర్నాడు మధ్యాహ్నం ముత్యాలరావు మెంబర్లని పిలిచాడు. కబురు ముందే పొక్కినట్టుంది, పంచాయతీ ఆఫీసు కిటికీలన్నీ జనంతో నిండిపోయాయి. నాలుగో వార్డువాళ్ళు సత్యవేణి వెనక కిటికీ పట్టుకుని నిలబడ్డారు. ఒకటో వార్డు నుంచి మాత్రం నూకరాజు తప్ప ఎవరూ రాలేదు. అందరూ పడవలేసుకుని చేపల వేటకి పోయారు.

ముత్యాలరావు ఆ రోజు వేళాకోళం ఆడలేదు.

"ఒకటో వార్డంట," అన్నాడు తల వంచుకుని.

బల్ల మీది కాగితం ఒకటి తిరగేసి మళ్ళీ అందుకున్నాడు.

"తప్పదా అమ్మా అని మళ్ళీ మళ్ళీ అడిగేను. తప్పదండీ, అక్కడైతేనే నష్టం తక్కువ అంది. పట్టాలున్నోళ్ళకి పరిహారం ఇప్పిత్తానంది. మనసుకి కష్టమే గానీ మిగతా అయిదూ నిలబడతాయి గదండీ అంది. అంత నెమ్మదిగా ఎలా సెప్పగలిగిందో నాకు తెలీదు."

నూకరాజు భుజాన ఉన్న తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎక్కడ, ఏ చోటు అని అతను కూడా అడగలేదు. మిగతావాళ్ళు అడగకపోవడానికి కారణం ఉంది. తమ వార్డు పేరు రాలేదన్న ఊరటలో వాళ్ళకి ఇంకే ప్రశ్నా పుట్టలేదు. అతనెందుకు అడగలేదంటే, ఇలాంటి రోజు ఒకటి వస్తే ఆ పేరు తమదే అవుతుందని ఎప్పటినుంచో లోపల అనుకుంటూ ఉన్నాడు కాబట్టి.

"ఆళ్ళు ఇదివరకోసారి లేచొచ్చినోళ్ళే గదండీ," అన్నాడు ఆరో వార్డు మెంబరు గనిరాజు. ఓదార్పుగానే అన్నాననుకున్నాడు పాపం. "అలవాటున్నోళ్ళు."

"అలవాటా గనిరాజూ?" అన్నాడు నూకరాజు.

"మరి కానిద్దాం," అన్నాడు ముత్యాలరావు. "ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

గనిరాజు చెయ్యి ముందు లేచింది. రెండో వార్డు లేచింది. అయిదు, కాస్త ఆగి మూడు. ఆరుగురిలో నలుగురు. తీర్మానం అయిపోయినట్టే. సత్యవేణి చెయ్యి ఎత్తినా ఎత్తకపోయినా ఒకటే. ఒళ్ళో చేతులు పెట్టుకుని తల దించుకుంటే ఎవరూ ఏమీ అనలేకపోయేవారు. కానీ వెనక కిటికీలోంచి ఎవరో గట్టిగా ఊపిరి తీసుకున్నారు. కొట్టుకొచ్చినోళ్ళ పిల్ల, సమయానికి పుట్టిల్లే చూసుకుంది అంటారు రేపు. చేతులెత్తిన వార్డుల్ని నిలబెట్టి, ఎత్తని వార్డుని కూడా ఒకటితోపాటు వదిలేస్తే? అలా ఎక్కడా ఉండదని తెలిసినా భయానికి తెలియదు కదా. తన పిల్ల, తన డాబా, ఇంటి వెనక కొబ్బరిచెట్లు కళ్ళ ముందు తిరిగాయి.

ఆమె చెయ్యెత్తింది.

నూకరాజు మిగతా నాలుగు చేతుల్నీ చూడలేదు. ఆ ఒక్క చేతినే చూశాడు. తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. గుమ్మం దగ్గర జనం తప్పుకుని దారి ఇచ్చారు.

"నువ్వేం సేత్తావు, పిల్ల ఉన్నదానివి," అన్నాడు ఆమె భర్త వీరభద్రం ఆ సాయంత్రం. మంచివాడే. ఆ మంచితనమే ఆమె ఒళ్ళు మండించింది.

"మామయ్యోళ్ళు ఎక్కడికి పోతారమ్మా?" అని కూతురు లావణ్య అడిగింది.

"ఎక్కడికో అక్కడికి. గవర్నమెంటు చూసుకుంటాది. అన్నం తిను."

ఆ రాత్రీ, తర్వాతి రోజుల్లోనూ సత్యవేణి తనకి తాను చాలా నచ్చజెప్పుకుంది. వాళ్ళవి పాకలే, విప్పి కట్టుకోవచ్చు. మనవి సిమెంటు ఇళ్ళు. మనం అయిదు వార్డులు, వాళ్ళొకటి. ఈ లెక్కల్లో ఒక్కటీ తప్పు కాదు, ఒక్కటీ గొంతు దిగలేదు. పాత తల కొట్టుకుపోయిన రోజు మొలలోతు నీళ్ళలో నూకరాజు ఆమెని భుజాల మీద కూచోబెట్టుకుని నడిచాడు. అప్పటికి వాడూ పిల్లాడే. నీళ్ళు గడ్డం దాకా వచ్చినప్పుడు, జుట్టు గట్టిగా పట్టుకోవే, పీకేసినా ఏమీ అనను అన్నాడు. అది గుర్తొస్తే ఆమెకి తన మీద అసహ్యం వేసేది. రోజూ తోకకి వెళ్దామనుకునేది. వెళ్ళి ఏమనాలి? దారి సగంలో ఏదో ఒక పని గుర్తుకు తెచ్చుకుని వెనక్కి వచ్చేసేది. వేటకి పోయినవాళ్ళు తిరిగొచ్చారని, కబురు విని ఒక్కరూ గొడవకి రాలేదని, పైకప్పులు విప్పుకుంటున్నారని విన్నది. గొడవకి వస్తారని కర్రలు సిద్ధం చేసుకున్న గనిరాజు మనుషులు వాటిని ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కట్టెలమోపులో పెట్టేసుకున్నారు.

మేత వంతు నాలుగో వార్డుకి వచ్చింది. సత్యవేణి షెల్టరులో డ్రమ్ముల మూతలు తీస్తుండగా మృణాళిని లోపలికి వచ్చింది. ఏరు దాటించే పంటు దిగి తిన్నగా వచ్చినట్టుంది, చేతిలో సంచీ కూడా దించలేదు.

"సత్యవేణి గారూ, తోక దగ్గర వాళ్ళు ఇళ్ళెందుకు విప్పుకుంటున్నారు? వరద కబురేమైనా వచ్చిందా?"

సత్యవేణికి ఒళ్ళు మండింది. ఇంత చేసి ఏమీ ఎరగనట్టు అడుగుతుందేమిటి ఈవిడ?

"మీరే కదండీ సెప్పింది."

"నేనా? ఏం చెప్పాను?"

"ఒకటో వార్డు వదిలెయ్యమని."

"అవును, ఒకటో వార్డు. దానికీ వీళ్ళకీ ఏమిటి సంబంధం?"

సత్యవేణి ఆమె మొహంలోకి చూసింది. నాటకం కాదు. మృణాళిని గోడ మీది మ్యాపు దగ్గరికి నడిచి లంక తల మీద వేలు పెట్టింది. "ఇదిగోండి ఒకటి. రెల్లుగడ్డి తప్ప ఏముంది ఇక్కడ? అందుకే కదా నష్టం తక్కువన్నాను. అక్కడ పాత పట్టాలు ఎవరికైనా ఉంటే వాటికి పరిహారం వస్తుందన్నాను."

సత్యవేణి ఆ మ్యాపు కిందే నిలబడి ఎన్నోసార్లు డ్రమ్ములకి మేత వేసింది. అందులో అంకెలున్నాయని ఎన్నడూ చూడలేదు. లంకలో ఎవరిల్లు ఎక్కడో మ్యాపు చూసి తెలుసుకోవలసిన అవసరం ఆమెకేముంది?

"అది ఒకటో వార్డు కాదండీ," అంది. "అక్కడ ఎవరూ లేరు. మనుసులు లేనిచోట వార్డెలా ఉంటదండీ? ఒకటో వార్డంటే మా అన్నయ్యోళ్ళు."

మృణాళిని ఖాళీ డ్రమ్ము మీద కూలబడింది. చేతిలో సంచీ అప్పుడు దించింది.

"ఇన్ని నెలలు ఇక్కడే ఉన్నాను," అంది చివరికి. "తోక అనే విన్నాను గానీ దానికి అంకె ఉందని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అది నా తప్పే. కానీ అంతమంది ఇళ్ళు ఏట్లో కలిపేయమని నేను చెప్పానంటే మీరంతా ఎలా నమ్మారండీ? ఒక్కరైనా నాకు తిరిగి ఫోను చెయ్యలేదేం? తీర్మానానికి చేతులెవరెత్తారు?"

"అందరం," అంది సత్యవేణి. వెంటనే దిద్దుకుంది. "అన్నయ్య తప్ప."

అరగంటలో లంకంతా తెలిసిపోయింది. ముత్యాలరావు ఆఫీసు అరుగు మీద నిలబడి, ఏమీ లేదంట, అంతా పొరబాటంట అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పాడు. జనం నవ్వారు. గుండెల మీద బరువు దిగిపోయిన నవ్వు. గనిరాజైతే కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. పోస్ట్‌మాన్ కథ మళ్ళీ ఒకరికొకరు చెప్పుకున్నారు. విచిత్రమేమిటంటే తీర్మానంలో ఒక్క అక్షరం మార్చక్కర్లేకపోయింది. ఒకటో వార్డు వదులుతున్నాం అన్న ఆ మాటే ప్రభుత్వం మ్యాపుకి సరిగ్గా సరిపోయింది.

సత్యవేణి తోక దాకా పరుగెత్తింది. చెప్పులు ఎక్కడో జారిపోయాయి. ఈ మాట అన్నకి ముందు తనే చెప్పాలి. చెప్పగానే మొట్టికాయ వేస్తాడు, వెర్రిమొహమా అంటాడు, అన్నీ సర్దుకుంటాయి. ఆమె నిజంగా అలాగే అనుకుంది.

నూకరాజు నిచ్చెన మీద నిలబడి వాసాల కట్లు విప్పుతున్నాడు. ఆమె ఆయాసపడుతూ చెప్పిందంతా చివరిదాకా విన్నాడు. ఒకసారి లంక తల ఉన్న వైపు చూశాడు. నిచ్చెన దిగలేదు.

"మంచిదే," అన్నాడు. "ఎవరి గూడూ పోనక్కర్లేదు. మంచిదే."

చిట్టెమ్మ లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. పైట కొంగుతో తుడిచి మరీ వేసింది. తర్వాత స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. సత్యవేణి ఆ పళ్ళెం వంక చూసింది. ఆ ఇంట్లో ఆమెకి ఎవరూ ఎప్పుడూ నీళ్ళు తెచ్చివ్వలేదు.

"పొరబాటు జరిగిపోయింది అన్నయ్యా. ఆ మేడమ్ ఒక మాట అంటే మనకి ఇంకోలా వినబడింది."

"మరే. మాటలో పొరబాటే." అతను విప్పిన తాడుని మళ్ళీ వాసానికి చుట్టడం మొదలుపెట్టాడు. "సేతుల్లో పొరబాటేం లేదు గదా."

"నేనెత్తకపోయినా తీర్మానం అయిపోయేది."

అనేశాక ఆమెకే తెలిసింది, అది అనకూడని మాటని. అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ కదిలింది.

"అందుకే గదా," అన్నాడు మెల్లిగా.

"నన్ను తిట్టు అన్నయ్యా. కొట్టు పోనీ. ఇలా ఉండకు."

"తిట్టడానికేముంది. పొద్దుపోతంది. ఇంటికాడ పిల్ల ఎదురు సూత్తాది."

ఆమె గ్లాసెత్తి నీళ్ళు తాగింది. తాగకపోతే చిట్టెమ్మ ఏమనుకుంటుందో అనిపించింది. వదిన ఏమనుకుంటుందో అని ఆలోచించి ఆ ఇంట్లో ఒక పని చెయ్యడం ఆమెకదే మొదలు.

గొట్టాలు పాతారు. జావ పారించారు. లంకంతా కంపు లేచి, తర్వాత మెల్లగా తగ్గింది. తల ఒక్కటీ వదిలి మిగతా గట్టంతా రాయి కట్టింది. తోక మేట కూడా సిమెంటు పోసినట్టు బిగిసింది. ఒకటో వార్డువాళ్ళు అన్ని పనులకీ వచ్చారు, అందరికంటే ముందే వచ్చారు. ఎవరితోనూ ఒక్క పరుషం మాట లేదు. గనిరాజు బీడీ అడిగితే ఇచ్చారు. వాళ్ళు కొట్లాడి ఉంటే బాగుండేది. నాలుగు తలకాయలు పగిలేవి, కట్లు కట్టుకుని మళ్ళీ ఒక బంతిలో కూచునేవారు. వాళ్ళ మర్యాద చూసి మిగతా అయిదు వార్డులూ వాళ్ళ ఎదట మాట్లాడ్డం తగ్గించేశాయి. పంచాయతీ మీటింగుల్లో నూకరాజు బల్ల చివరికి జరిగి కూచోవడం మొదలుపెట్టాడు. ముత్యాలరావు ఒకసారి పాత వేళాకోళం మొదలుపెట్టి మధ్యలోనే మింగేశాడు.

శ్రావణంలో వరద వచ్చింది. కట్టిన గట్టు కరగదు గానీ నీళ్ళు దాని మీదుగా పారకుండా ఎవరాపగలరు? పొలాలూ దారులూ మునిగిపోతే జనమంతా షెల్టరుకి చేరారు. లంకలో పడవలున్నది ఒకటో వార్డుకే. వాళ్ళు వస్తారా రారా అని ఎవరూ పైకి అనలేదు గానీ, గుమ్మాల్లో మూటలతో నిలబడ్డ ప్రతివాళ్ళ మొహంలోనూ అదే ఉంది. వాళ్ళు వచ్చారు. ముందు ముసలివాళ్ళని, తర్వాత పిల్లలని, ఒక్కరినీ వదలకుండా చేరవేశారు. గనిరాజు తల్లిని నూకరాజు చేతుల మీద ఎత్తుకుని మెట్లెక్కించాడు.

షెల్టరు పైనుంచి మృణాళిని దుర్భిణి పెట్టి తల వైపే చూస్తూ నిలబడింది. గోదారి పాత తలని రెల్లుతో సహా నమిలేసింది. మిగతా లంకలో గుప్పెడు ఇసుక కూడా పోలేదు. తొట్టిలో జరిగింది జరిగినట్టే జరిగింది. ఎగువ లంకల నుంచి అప్పుడే ఫోనులు, మా దగ్గరికి ఎప్పుడొస్తారని. ఆమె సత్యవేణి పక్కకి వచ్చి, "అందరూ క్షేమమే కదా?" అని అడిగింది.

"ఆయ్. అందరం ఉన్నామండీ," అంది సత్యవేణి.

మృణాళిని ఇంకేదో అడగబోయి, ఆమె కళ్ళు చూసి మళ్ళీ దుర్భిణి ఎత్తుకుంది. తన జావ ఏది అతికించగలదో ఏది అతికించలేదో ఆమెకీ తెలుసు.

నీళ్ళు తీశాయి గానీ దారుల మీద ఇంకా మోకాటిలోతు ఉన్నాయి. పడవలు మళ్ళీ ఇంటింటికీ తిరిగాయి. సత్యవేణికి, లావణ్యకి నూకరాజు పడవలోనే చోటు దొరికింది. వీరభద్రం గొడ్లని తోలుకుని ముందే నడిచి వెళ్ళిపోయాడు. పడవ నిండా ఆడవాళ్ళు, మూటలు, కోళ్ళ గంపలు. ఇల్లు నిలబడిందన్న సంతోషంలో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. కొబ్బరిచెట్లు లెక్కపెట్టుకుంటున్నారు. ఎన్నడూ లేని విధంగా గట్టు ఉన్నది ఉన్నచోటే ఉంది.

లావణ్య పడవ చివరికి పాక్కుంటూ పోయి మేనమామ కాళ్ళ దగ్గర కూచుంది.

"ఏమే కోడలా, గెడ పట్టుకుంటావా?" అన్నాడు నూకరాజు. "బువ్వ తిన్నావా అసలు? ఎండిన మట్టగిడసలా అయిపోయేవు."

పిల్ల కిలకిలా నవ్వింది. అతనూ నవ్వాడు, పాత నవ్వే. సత్యవేణి గుండె ఒక్కసారి లేచింది. నవ్వుతున్నాడు. మనిషి కరిగాడు. వరద కడుక్కుపోయిందేమో అంతా. తోవ పొడుగునా ఆమె ఒక్కటే పిలుపు కోసం చెవులు రిక్కించి కూచుంది. వేణీ అనకపోయినా ఫరవాలేదు. ఒసే అన్నా చాలు. సన్నాసిదానా అన్నా, కృతఘ్నురాలా అన్నా చాలు. అన్న నోట ఎంత చెడ్డ మాటైనా అది ఆమె పుట్టింటి మాటే అవుతుంది.

పడవ నాలుగో వార్డు రేవుకి తగిలింది. ఆడవాళ్ళు మూటలు అందుకుంటూ ఒక్కొక్కరే దిగారు. నూకరాజు లావణ్యని చంకల కింద పట్టి ఎత్తి గట్టు మీద దించాడు. అందరి తర్వాత సత్యవేణి లేచింది. పడవ కాస్త ఊగింది. అతను గెడ లోతుగా గుచ్చి, పడవ కదలకుండా పట్టుకున్నాడు.

"దిగండి మెంబరు గారూ," అన్నాడు. "మీ వార్డొచ్చింది."

గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. అవతలి గట్టు నుంచి పని మీద వచ్చినవాళ్ళతో ఎంత మర్యాదగా మాట్లాడతాడో అంతే మర్యాదగా అన్నాడు. ఆమె రెండు కాళ్ళూ నేల మీద పడేదాకా గెడ వదలలేదు. పడ్డాక పడవని వెనక్కి నెట్టుకుని, మిగిలిన వాళ్ళని తీసుకురావడానికి షెల్టరు వైపు వెళ్ళిపోయాడు.